ఎవరి కొడుకని అడిగే ముందు

మొన్న కుంట బస్టాండులో ఒక కొత్త మాస్టరు నా పక్కన కూర్చున్నాడు. ఈ వైపు పోస్టింగు వచ్చి కొన్ని నెలలే అయిందట. మైదానం మనిషి, మర్యాదస్తుడు. నేనూ ఒకప్పుడు పంతులునే అని తెలిసి మాట కలిపాడు. బడి గురించి అడిగితే పెదవి విరిచి, "ఏం చేస్తాం పెద్దాయనా, ఈ పిల్లలకు వంశంలోనే లేదు. తెలివి పుట్టుకతో వస్తుందని సైన్సే చెబుతోంది కదా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పచ్చి అబద్ధం చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. అతను చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం. ఆ ఒక్క ముక్కను చేత పట్టుకుని మనుషులు ఎంత అన్యాయం చేయగలరో నేను చూశాను. చెబుదామని గొంతు సవరించుకునేలోపు అతని బస్సు వచ్చింది. అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. అతనొక్కడికే అనుకోవద్దు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఎవరైనా చదవవచ్చు.

నేను బస్తర్ సంస్థానం ఉన్న రోజుల్లో పంతులు పనిలో చేరాను. ఏ పరీక్షా పాసవలేదు. మా నాయన శబరి ఆవలి ఒడ్డు నుంచి కూలికి వచ్చినవాడు. నేను తెలుగు ఇంట్లో, దోర్లి పొలంలో, హల్బీ సంతలో, హిందీ పోలీసు ఠాణా అరుగు దగ్గర నేర్చుకున్నాను. నాలుగు భాషలూ వచ్చి, జ్వరాల అడవిలో ఉండటానికి ఒప్పుకున్నవాడు ఇంకొకడు దొరకలేదు కాబట్టి నన్ను తీసుకున్నారు. మిగతా చదువంతా తర్వాత, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఎవరో వద్దనుకున్న పుస్తకాల్లోంచి నేర్చుకున్నదే. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఎక్కడికి బదిలీ చేశారు, ఇలాంటివి వదిలేస్తున్నాను. అవి అందరి బతుకుల్లోనూ ఒకేలా ఉంటాయి.

మొదట కనబడేది

ఈ పనిలో మొదటి నెలలోనే కనబడేది పిల్లల మధ్య తేడా. ఎవరూ దాన్ని కాదనకండి. నా బడి మరైగూడ నుంచి ఒక పూట నడక దూరంలో ఉండేది. ఊరి పేరు రాయను, ఆ మనుషుల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. తాటాకు కప్పు, మట్టి గోడ, కొందరు అక్కడి గిరిజనులైన దోర్ల పిల్లలు, కొందరు తెలుగు రైతుల పిల్లలు. అందరికీ అదే పలక, అదే పంతులు. అయినా ఒకడికి ఒక్కసారి చెబితే చాలు, ఇంకొకడికి వారం చెప్పాలి.

ఇంకో సంగతి కూడా గమనించాను. లెక్కల్లో చురుకైన పిల్లవాడు సాధారణంగా పొడుపు కథ విప్పడంలోనూ చురుకే, ఉచ్చు కొత్తగా అల్లడంలోనూ చురుకే. అందరూ అలా ఉండరు, కానీ ఎక్కువమంది అలాగే ఉంటారు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క తెలివి విడిగా ఉంటుందని నేను మొదట అనుకునేవాణ్ణి. వాటన్నిటి కింద ఏదో ఒక ఉమ్మడి నీరు పారుతుందని బడే నాకు చూపించింది. ఇది చెప్పినందుకు కొందరు స్నేహితులు నాతో దెబ్బలాడారు. చూసింది చూసినట్టు చెప్పకపోతే పంతులు పని ఎందుకు?

ఇక ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందన్నది అసలు తగువు.

ఇన్‌స్పెక్టరు సాబ్

మా బడుల మీద అధికారి జగదల్‌పూర్ నుంచి వచ్చేవాడు. మేమంతా ఇన్‌స్పెక్టరు సాబ్ అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఆయన మీద నాకున్న కోపం మీకు కనబడుతుంది. దారిలో చిక్కిన ఏ పిల్లవాడి కడుపు తడిమినా, మలేరియాకు ఉబ్బే జ్వరపు గడ్డ చేతికి తగిలితే సొంత సంచిలోంచి క్వినైను తీసి ఇచ్చేవాడు. లంచం ముట్టలేదు. బాగా చదివేవాడు. ఆ చదువే, తెలివి తండ్రి నుంచి కొడుక్కి ఆస్తిలా దిగుతుందన్న నమ్మకాన్ని ఆయనకు అంటించింది.

ఒక ఏడు ఆయన ఒక పెట్టె తెచ్చాడు. అందులో గుండ్రం, మూడు మూలలు, నక్షత్రం ఆకారాల్లో కోసిన చెక్క ముక్కలు, అవి సరిగ్గా పట్టే గుంటలున్న పలక, కొన్ని బొమ్మలు. జగదల్‌పూర్ బోర్డింగులో మా బడికి ఒక్క చోటు వచ్చింది. తిండీ బట్టా సంస్థానానిదే. ఆ చోటు ఎవరికన్నది ఈ పరీక్షతో తేలాలి. సాబ్ హిందీలో అడగడం, నేను పిల్లలకు చెప్పడం.

బొమ్మల్లో ఒకటి మూడు కాళ్ళ కుర్చీ. ఇందులో ఏది లేదో చెప్పాలి. మా పిల్లలు చూసిన ఒకే ఒక్క కుర్చీ మీద ఆ క్షణంలో సాబ్ కూర్చుని ఉన్నాడు. ఎర్రమ్మ అనే పిల్ల చాలాసేపు చూసి, "కూసునే దొర లేడు" అంది.

నేను నవ్వు ఆపుకుని హిందీలో చెప్పాను. సాబ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే తప్పు అని గీత పెట్టుకున్నాడు.

ఇద్దరు పిల్లలు మిగిలారు. ఒకడు ధాన్యం వ్యాపారి శేషయ్య కొడుకు వెంకటేశం. మంచి పిల్లవాడు, తక్కువ చేయను. రెండోవాడు సోయం జోగయ్య, దోర్ల పిల్లవాడు. జోగయ్య చెక్క ముక్కలన్నీ గబగబా పెట్టేశాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే పలకను తలకిందులు చేసి మళ్ళీ పెట్టాడు. సాబ్ అంకెలు వరసగా చెబితే వెనక నుంచి ముందుకి అప్పజెప్పాడు. వెంకటేశం వాడి తర్వాతే, సందేహం లేదు.

నా మనసు తేలికపడింది. అప్పుడు సాబ్ అడిగాడు.

"ఈ పిల్లవాడు ఎవరి కొడుకు, మాస్టర్‌జీ?"

"సోయం లచ్చయ్య కొడుకు, సాబ్."

"తండ్రిని రేపు పొద్దున పిలిపించండి. ఆ శేషయ్యనూ పిలవండి."

"తండ్రులకేం పని, సాబ్? బోర్డింగుకు వెళ్ళేది పిల్లలు కదా."

ఆయన ఓపికగా చెప్పాడు. ఒక్కనాటి పరీక్షలో ఎవడైనా మెరుస్తాడు. మెరుపు నిలుస్తుందో లేదో వంశం చెబుతుంది. మందబుద్ధి ఇంట్లో ఒకడు పైకి లేచినా మళ్ళీ ఇంటి మట్టానికి జారతాడు. ఒక్క చోటు ఉంది, జారేవాడికి ఇచ్చి పాడు చేయలేను అన్నాడు.

జోగయ్యకు చోటు దక్కదని అప్పుడే తేలిపోయింది. కారణం, లచ్చయ్య.

లచ్చయ్య

ఊరంతా లచ్చయ్యను బుర్ర లేనోడు అనేది. వెటకారానికి అన్నా అందులో అబద్ధం లేదు. అతను నిజంగానే మందం. నా అనుభవంలో అంత నిదానంగా ఆలోచించే మనిషిని ఇద్దరు ముగ్గురిని మించి చూడలేదు. సంతలో చింతపండు అమ్మి ఉప్పు తెచ్చుకోవడానికి భార్య కన్నమ్మ వెంట లేకపోతే ప్రతిసారీ మోసపోయేవాడు. ఏదైనా అడిగితే జవాబు మరునాడు చెప్పేవాడు. పైకి అలా కనబడ్డా లోపల మహా తెలివి దాగుందని మీరు అనుకోకండి. దాగలేదు.

కానీ జోగయ్య లచ్చయ్యకు పుట్టినవాడు కాడు.

కన్నమ్మ మొదటి భర్త మడకం గంగన్న, వెదురు నరికించే మేస్త్రీ. అడవి ఎగుడుదిగుడుగా ఉన్నా ఒక కూపులో, అంటే నరకడానికి గీసిన అడవి ముక్కలో, ఎంత వెదురు వస్తుందో నిలబడి చూసి చెప్పేవాడని పేరు. అమ్మవారు పోసి చనిపోయాడు. కన్నమ్మ చంకలో పిల్లవాడితో లచ్చయ్యను మారుమనువు చేసుకుంది. తర్వాత ఇద్దరు పుట్టారు, సమ్మక్క అనే ఆడపిల్ల, ఒక చిన్నవాడు.

ఆ ఊళ్ళో దోర్లలకు ఇంటిపేరుకు ఒక వేల్పు. వేల్పు కొలుపు జరిగినప్పుడు దడి కడతారు, ఆ ఇంటిపేరువాళ్ళే దడి లోపల కూర్చుని తింటారు. తల్లితో వచ్చిన పిల్లవాణ్ణి మారుతండ్రి వేల్పు ముందు నిలబెట్టి, కోడిని కోసి, నెత్తిన చెయ్యి పెట్టి "వీడు నావాడు" అంటే ఆ రోజు నుంచి వాడు ఆ ఇంటిపేరువాడే. భూమిలో వాటా కూడా వస్తుంది. జోగయ్య అలాగే సోయం అయ్యాడు. ఆపైన చచ్చిన తండ్రి పేరు ఎవరూ ఎత్తరు. ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు, అన్నవాళ్ళూ లేరు. అయితే ఒక నియమం ఉంది. చెయ్యి పెట్టిన తండ్రే పదిమందిలో "వీడు నాకు పుట్టలేదు" అంటే కోసిన కోడి పోయినట్టే. ఒక బిడ్డకు రెండోసారి కోయడానికి లేదు.

ఇది సాబ్‌కు తెలియదు. ఆయన వంశాలు ఇళ్ళను బట్టి రాసుకునేవాడు. ఏ ఇంట్లో ఎవరు తింటున్నారో చూసి, అదే రక్తం అనుకునేవాడు. ఈ ప్రాంతంలో మేనమామ ఇంట్లో పెరిగేవాళ్ళు, ఇల్లరికం అల్లుళ్ళు, మారుమనువు పిల్లలు లేని కొంప చూపించమనండి.

పొద్దు వాలే వేళ

ఆ సాయంత్రం లచ్చయ్య ఇంటికి వెళ్ళాను. కన్నమ్మ ఆరిన ఇప్పపువ్వు గంపలోకి ఎత్తుతోంది. లచ్చయ్య ఓ మూల వెదురు బద్దలు చీలుస్తున్నాడు. పిల్లలు వాగు దగ్గర ఉన్నారు. సంగతి చెప్పాను.

"కన్నమ్మా, ఒక్క మాట చెబితే జోగయ్యకు చోటు దొరుకుతుంది."

"ఏంది పంతులూ, ఆ మాట?"

"గంగన్న కొడుకని."

ఆమె చెయ్యి ఆగలేదు. పువ్వు ఎత్తుతూనే అంది.

"సచ్చినోడు లేసొచ్చి పిల్లగానికి జావ పోస్తడా? మా జోగయ్యకు గూడ అమ్మవారు పోసింది, ఎరుకేనా నీకు? ఊరోళ్ళు ఇంటి మొకం చూడలే. ఈ మనిషి పక్కల పండుకొని వేపమండ విసిరిండు. ఎక్కాలు రావు గని విసిరిన చెయ్యి ఆపలే. ఇయ్యాల మీ దొర కోసం ఆ చెయ్యి వాని నెత్తి మీదికెళ్ళి తియ్యమంటవా?"

"దొర కోసం కాదు, చదువు కోసం."

"అసొంటి చదువు నాకొద్దు. రేపు నువ్వు నోరు తెరిసినవనుకో, ఈ ఇంట్ల నీకు మంచినీళ్ళు గూడ పుట్టయ్."

"నేను తెరవను," అన్నాను. తెరవడానికి నాకు హక్కు లేదని ఆమె చెప్పకముందే తెలుసు.

లేచి బయలుదేరుతుంటే లచ్చయ్య మూల నుంచి అడిగాడు.

"పంతులూ, దొరకు తండ్రి తెలివి గావాల్నా?"

"అవును, లచ్చయ్యా."

"గంగన్నకు ఉండెగదా."

"నువ్వు మూసుకొని బద్దలు చీల్చుకో," అని కన్నమ్మ కసిరింది. అతను తల వంచుకుని కత్తి ఆడించాడు. అతనికి జవాబు మరునాడు వస్తుందని నేను మర్చిపోయాను.

మూడు ప్రశ్నలు

పొద్దున్నే బడి ముందు ఊరంతా చేరింది. సోయం వాళ్ళ పెద్ద ముత్తయ్య కట్టె పట్టుకుని ముందు కూర్చున్నాడు. శేషయ్యను సాబ్ మూడు ప్రశ్నలు అడిగాడు. వ్యాపారి, అడిగింది పూర్తయ్యేలోపే చెప్పేశాడు.

తర్వాత లచ్చయ్య. తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"నీకు ఐదు మేకలు ఉన్నాయి. రెండు కొన్నావు. మూడు అమ్మావు. ఎన్ని మిగిలాయి?" నేను తెలుగులో చెప్పాను.

లచ్చయ్య ఆలోచించాడు. "మా ఇంట్ల మేకల్లేవు పంతులూ."

జనం ఘొల్లుమన్నారు. "ఉన్నయనుకోరా లచ్చిగా!" అని ఎవరో అరిచారు.

అతను వంగి గులకరాళ్ళు ఏరుకున్నాడు. ఐదు పెట్టాడు, రెండు కలిపాడు, తీస్తూ తీస్తూ ఎన్ని తీశాడో మర్చిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. జోగయ్య గోడ దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. వాడి పెదవులు కదులుతున్నాయి, జవాబు చెప్పేస్తున్నాడు. సాబ్ చెయ్యెత్తి చాలన్నాడు. నాతో హిందీలో, "చూశారుగా. వ్యాపారి కొడుకు పేరు రాసుకుంటాను" అన్నాడు.

నేను అది తెలుగులో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది, సాబ్ ముఖమే చెప్పింది. లచ్చయ్య చేతిలో రాళ్ళు కిందపడేసి చేతులు దులుపుకున్నాడు.

"దొరా, ఆగుండ్రి. వాడు నాకు పుట్టలే."

ఎవరూ నవ్వలేదు.

"లచ్చిగా!" ముత్తయ్య కట్టె పట్టుకుని లేచాడు. "ఏం మాట అంటున్నవ్ రా? ఎవని ముందట అంటున్నవ్?"

"నిజమే గదా పెదనాయనా. మడకం గంగన్న కొడుకు వాడు. గంగన్న వెదురు జూసి లెక్క చెప్పేటోడు. నాకు బుర్ర లేదని వాని చదువు ఎందుకు ఆపాలె?" నా వైపు తిరిగాడు. "చెప్పు పంతులూ. దొర భాషల చెప్పు."

నా వృత్తిలో నేను చాలా మాటలు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చాను. అంత కష్టమైన మాట ఇంకొకటి లేదు. గుంపు వెనక కన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఆమె వైపు చూడకుండా చెప్పాను.

సాబ్ కుర్చీలోంచి లేచాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"దేఖా, మాస్టర్‌జీ? నేను అనలేదా? ఈ వెలుగు ఆ ఇంటిది కాదని నాకు నిన్ననే అనుమానం వచ్చింది! ఖూన్ దాగదు!"

జోగయ్యకే చోటు ఇచ్చాడు. ఒక మనిషి పదిమందిలో తన కొడుకును పోగొట్టుకున్నాడని ఆయనకు తెలియనే లేదు. తన సిద్ధాంతం నిలబడిందని సంతోషించాడు. కావలసింది దక్కిన రోజున కూడా ఒళ్ళు మండటం నాకు అదే మొదటిసారి.

ఆ వారమే పెద్దలు కూర్చున్నారు. జోగయ్య ఇక సోయం కాడని, భూమిలో వాటా లేదని, దడి లోపలికి రాకూడదని తేల్చారు. ముత్తయ్య ఏడ్చాడు. ఏడుస్తూనే తీర్పు చెప్పాడు. కన్నమ్మ లచ్చయ్యతో ఆ పంట ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. నాతో ఇంకా ఎక్కువ కాలం. శేషయ్య తన డబ్బుతో వెంకటేశాన్ని భద్రాచలం వైపు చదువుకు పంపాడు, కాబట్టి ఆ పిల్లవాడు నష్టపోలేదు.

రెండో ఏడు

సాబ్ మరుసటి ఏడు మళ్ళీ పెట్టెతో వచ్చాడు. ఈసారి నేను ముందే అడిగాను.

"సాబ్, ఒక మనవి. ఎవరు ఎవరి బిడ్డో పరీక్ష అయ్యాక చెబుతాను. ముందు అడగవద్దు."

ఒక్క క్షణం కళ్ళు చిన్నవి చేసి చూశాడు, కానీ ఒప్పుకున్నాడు. న్యాయంగా ఉండాలనే కోరిక ఆయనలో ఉంది, అది ఒప్పుకోవాలి.

బడిలో అందరికంటే బాగా చేసింది లచ్చయ్య కూతురు సమ్మక్క. అన్న కంటే కూడా వేగంగా. వాళ్ళ చిన్నవాడు నక్షత్రం ముక్కను గుండ్రం గుంటలో పెట్టి పిడికిలితో గుద్దుతూ కూర్చున్నాడు.

"ఈ అమ్మాయి ఎవరి బిడ్డ?"

"సోయం లచ్చయ్య బిడ్డ, సాబ్. సొంత బిడ్డ."

సాబ్ పెన్సిలు తిప్పుతూ ఆలోచించాడు. "అయితే తల్లి ఖూన్ గట్టిది, మాస్టర్‌జీ."

"ఆ గుద్దుతున్నవాడు ఈమె తమ్ముడే. అదే తల్లి, అదే తండ్రి."

"వాడిది తండ్రి ఖూన్."

ఆయన చెప్పినది నిజమే అయి ఉండవచ్చు, ఆ అన్యాయం నేను చేయను. కానీ పోయిన ఏడు తండ్రి రక్తం, ఈ ఏడు తల్లి రక్తం, ఆమె తమ్ముడి దగ్గర మళ్ళీ తండ్రి రక్తం. జరిగినదానికల్లా సరిపోయే మాట జరగబోయేది ఏం చెబుతుంది? పిల్లను చూసిన తర్వాతే ఆయనకు రక్తం కనబడింది. అలాంటప్పుడు మొదటే పిల్లను చూస్తే సరిపోదా? లచ్చయ్యతో ఆ గులకరాళ్ళు ఎందుకు ఏరించినట్టు?

ఆడపిల్లలకు ఆ బోర్డింగులో చోటే లేదు. సమ్మక్క నాకు వచ్చినంత వరకు నా దగ్గరే చదివి, ఆ తర్వాత నా పుస్తకాలు తనే తీసుకుని చదివింది. చిన్నవాడు ఎన్నేళ్ళు వచ్చినా అక్షరాలు దాటలేదు. నేను చేతనైనంత ప్రయత్నించాను. వాడికి పుట్టుకలోనే కష్టం ఉందని నా నమ్మకం. వాడు మంచి పశువుల కాపరి అయ్యాడని రాసి మిమ్మల్ని ఊరడించను. పశువులను కూడా తప్పిపోనిచ్చేవాడు.

పుస్తకాలు చెప్పింది

తర్వాతి రోజుల్లో జన్యువుల గురించి దొరికినదల్లా చదివాను. నాకు అర్థమైనది, నా మాటల్లో.

తెలివిలో మనిషికీ మనిషికీ మధ్య తేడాలో పుట్టుక పాలు తప్పకుండా ఉంది. ఒకే అండం నుంచి పుట్టిన కవలలు వేరు వేరు ఇళ్ళలో పెరిగినా దగ్గర దగ్గరగా వస్తారు. పెంపుడు పిల్లలు పెద్దవుతున్నకొద్దీ ఈ విషయంలో పెంచినవాళ్ళ కంటే కన్నవాళ్ళకు దగ్గరవుతారు. లచ్చయ్యను చూసిన తర్వాత ఈ మాట చదవడం నాకు చేదుగా అనిపించింది. నాకు నచ్చలేదని అది అబద్ధం కాదు.

అయితే ఆ పాలు ఒకే ముద్దగా దిగదు. చెప్పలేనన్ని చిన్న చిన్న అంశాలు, ఒక్కొక్కటీ రవ్వంత పని చేసేవి, తల్లి వైపు సగం తండ్రి వైపు సగం, ప్రతి బిడ్డకూ కొత్తగా కలిపి పంచబడతాయి. అందుకే కన్నమ్మ కడుపున అలాంటి సమ్మక్క, అలాంటి చిన్నవాడు. తండ్రిని చూసి బిడ్డను ఊహించడం గుడ్డి కంటే కాస్త మేలు, అంతే. బిడ్డే ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడు ఆ కాస్త మేలు ఎవరికి కావాలి?

ఇంకొకటి. నేను రెండు రకాల ఊళ్ళలో పనిచేశాను. జ్వరాలు లేని ఊళ్ళో, అందరూ కడుపునిండా తినే చోట, పిల్లల మధ్య మిగిలే తేడా చాలావరకు పుట్టుకదే. సగం మంది పిల్లలు జ్వరపు గడ్డతో తూలుతున్న ఊళ్ళో ఆ తేడా చాలావరకు జ్వరానిది. పిల్లలు రెండు చోట్లా ఒకలాంటివాళ్ళే, లెక్క మాత్రం మారిపోతుంది. తెలివిలో పుట్టుక పాలు ఎంత అని ఎవరైనా అడిగితే, ఏ ఊళ్ళో అని అడగండి. జ్వరం ఊరి పిల్లలను తెచ్చి జ్వరం లేని ఊరి పిల్లల పక్కన నిలబెట్టి, చూడండి వంశం అనేవాడికి ముందు క్వినైను సంచి ఇచ్చి పంపండి. మా సాబ్ చేతిలో ఆ సంచి ఉండేది. ఇస్తున్నదానికీ నమ్ముతున్నదానికీ మధ్య సంబంధం ఆయనకు తట్టలేదు. అదే నా బాధ.

బస్టాండులో కలిసిన మాస్టరుగారూ, మీకు నేను చెప్పదలచింది ఇదే. మీ బడిలో తేడాలు ఉంటాయి. కొన్నిటిని మీరు మార్చలేరు. ఏవి మార్చలేరో మాత్రం పిల్లవాడి ఇంటిపేరులో రాసి ఉండదు.

దడి బయట

జోగయ్యను నేనే జగదల్‌పూర్ తీసుకెళ్ళి దించాను. ఏం చదివాడు, ఏం ఉద్యోగం చేశాడు అన్నది అందరికీ తెలిసిన రకం కథ, వదిలేస్తున్నాను. చెప్పాల్సింది ఇంకొకటి ఉంది.

సోయం వాళ్ళ వేల్పు కొలుపు ఏటా జరగదు. తీర్పు తర్వాత మొదటి కొలుపు వచ్చిన ఎండాకాలం జోగయ్య సెలవులకు ఊళ్ళో ఉన్నాడు. డోలు మోగుతుంటే ఊరంతా వెళ్ళింది, నేనూ వెళ్ళాను. సోయం ఇంటిపేరువాళ్ళు మోదుగాకు విస్తళ్ళు పట్టుకుని దడి లోపల బారుగా కూర్చున్నారు. మా లాంటివాళ్ళందరం బయట. జోగయ్య తెల్ల చొక్కా వేసుకుని మా అందరికంటే దూరంగా, దడి మూల దగ్గర నిలబడ్డాడు. లోపల వాడి చెల్లెలు, తమ్ముడు, వాడితో ఈత కొట్టిన పిల్లలు. ఎవరూ వాడి వైపు చూడలేదు.

కూర వడ్డించారు. లచ్చయ్య తన విస్తరి ముందు కూర్చుని, దానివైపు కాసేపు చూశాడు. అతను ఆలోచించడానికి ఎంతసేపు పడుతుందో తెలుసు కదా. తర్వాత విస్తరి రెండు చేతుల్తో ఎత్తుకుని, కూర ఒలకకుండా మెల్లగా నడుచుకుంటూ, దడి గడప దాటి బయటికి వచ్చాడు. జోగయ్య పక్కన నేల మీద కూర్చుని విస్తరి మధ్యలో పెట్టాడు. వాడు నిలబడే ఉంటే చొక్కా అంచు పట్టి లాగాడు. వాడు కూర్చున్నాడు.

లోపల నవ్వులు మొదలయ్యాయి. ముత్తయ్య కేకేశాడు.

"లచ్చిగా, నీకు బుర్ర లేదురా! యాడ కూసోవాల్నో గూడ ఎరుక లేదాయె. లోపల్కి రా, కూర సల్లారుతది!"

లచ్చయ్య తల ఎత్తలేదు. జోగయ్య చేతిలో ముద్ద పెట్టాడు.

"ఈడ గూడ ఏడిగనే ఉన్నది పెదనాయనా," అన్నాడు.